పిస్తా రంగు వంటగది, మూడో సొరుగు

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం అది. నెల్లూరులో నా పని అప్పుడప్పుడే మళ్ళీ గాడిలో పడుతోంది. నేను మాడ్యులర్ కిచెన్లు బిగించే మేస్త్రీని. గోడకు అరలు కట్టే బదులు, షెడ్డులోనే చెక్కపెట్టెలు తయారుచేసి తెచ్చి ఇంట్లో వరసగా అమర్చడాన్ని మాడ్యులర్ అంటారు. ఆ పెట్టె పేరు కార్కస్, దాని తలుపు పేరు షట్టర్. సొరుగు జారే ఇనప పట్టాలను ఛానల్ అంటాం. ఈ మూడు మాటలు తెలిస్తే మా వృత్తిలో సగం తెలిసినట్టే. మిగతా సగం జనాల వంటిళ్ళలోకి తొంగిచూడటం. అది ఎవరూ నేర్పరు.

మనుబోలు నుంచి రాజేశ్వరి అనే ఆమె ఫోన్ చేసి రమ్మంది. అంగన్‌వాడీ టీచరు. భర్తకు హైవే పక్కన పంక్చర్ల షాపు. ఇల్లు చిన్న స్లాబుది, వెనక మంగుళూరు పెంకుల వసారాలో వంటిల్లు. ఆ వంటింటి గుమ్మానికి మందపాటి కర్టెన్ ఒకటి వేలాడుతోంది. నన్ను అక్కడిదాకా తీసుకొచ్చి, కర్టెన్ అంచు చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

"అన్నా, చూసి నవ్వబాక."

"డాక్టరు దగ్గర జ్వరం దాచుకుంటే ఎట్టమ్మా, తియ్యి" అన్నాను.

తీసింది. నేను నవ్వలేదు కానీ రెండు నిమిషాలు కళ్ళు చికిలించుకుని నిలబడాల్సి వచ్చింది. ఉన్న ఒక్క కిటికీకి మూరెడు దూరంలో పక్కింటివాళ్ళు గోడ లేపేశారు. అత్తగారి కాలంలో కట్టెల పొయ్యి ఉండేదట, గ్యాసు వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఆ మసి పెంకులనూ వాసాలనూ వదల్లేదు. నల్లటి కడప బండ, నల్లటి గోడ, మధ్యలో పసుపుపచ్చ బల్బు. గిన్నెలు మాత్రం తళతళా తోమి ఉన్నాయి. అవి మెరవడానికే వెలుతురు లేదు.

ఆ వీధి ఆడవాళ్ళ పొదుపు సంఘం నెలకొక ఇంట్లో కూర్చుంటుంది. మన పల్లెల్లో టీ పెడుతుంటే ఎవరో ఒకరు లేచి లోపలికొచ్చి గ్లాసులు అందుకోవడం మామూలే. ఈమె వంతు వచ్చినప్పుడల్లా కర్టెన్ దగ్గరే కాపలా కాసి, పళ్ళెం తనే మోసుకెళ్ళి ఇచ్చేదట. పోయిన నెల ఒకామె అడ్డం తప్పించుకుని లోపలికి వచ్చేసింది.

"వచ్చి, 'రాజేశ్వరక్కా, లైటెయ్యి' అనింది" అని చెప్పి ఆగింది రాజేశ్వరి. "లైటు వేసే ఉండాదన్నా."

చెప్తున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. ఆ మాట తను ఇంకెవరికీ చెప్పుకోలేదని నాకు అర్థమైంది.

చేతిలో ఉన్న డబ్బు ఎంతో చెప్పింది. దాంతో కొత్తవి చేయిస్తే రెండు పెట్టెలు వస్తాయి, వాటికి తలుపులు రావు. అప్పుడు నాకు అల్లూరు పని గుర్తుకొచ్చింది. ఆ వారమే అల్లూరు నుంచి ఒకామె ఫోన్ చేసి, వంటగది మొత్తం విప్పుకుని పోవాలి, ఎవరికైనా అమ్మిపెట్టమని అడిగింది. ఇలా ఒక ఇంటిది విప్పి ఇంకో ఇంటికి అమర్చడాన్ని మేం రీఫిట్ అంటాం. చేయించుకున్నవాళ్ళు బయటికి చెప్పరు, చేసిన మేస్త్రీ అసలే చెప్పడు. పాత చెక్క అతికేవాడని పేరుపడితే పెద్దింటివాళ్ళు పిలవరని మా భయం.

"రెండేళ్ళు కూడా వాడనిది ఒకటుంది. పాతదే, కానీ మంచి ప్లైవుడ్డు" అన్నాను నెమ్మదిగా.

రాజేశ్వరి చాలాసేపు ఆలోచించింది. "ఎవురింటిదో నాకు చెప్పబాకన్నా. తెలిస్తే అడిగినోళ్ళకి చెప్పాల్సొస్తుంది. తెలీకపోతే తెలీదనొచ్చు" అంది. మళ్ళీ తనే, "చెడిపోయిన ఇంటి సామాను తెచ్చుకుంటే మన ఇల్లూ అట్టనే అవుతుందంటారు. మా అత్త ఉంటే గడప తొక్కనిచ్చేది కాదు. అందుకే చెప్పబాక" అంది.

నేను సరేనన్నాను. చెప్పకపోవడం నా పనిలో ఏమంత కష్టం కాదనుకున్నాను.

అల్లూరామె పేరు వసుంధర. వాళ్ళవి రొయ్యల గుంటలు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. గుంటలు చేయి జారాయి, ఇల్లు కూడా ఖాళీ చేసి ఇచ్చేయాలి. ఇదంతా ఆమె చెప్పలేదు, ఆ ఊళ్ళో టీ బంకు దగ్గర విన్నాను. ఆమె చెప్పింది ఒక్కటే: "మధ్యాన్నం రాన్నా. వీధంతా నిద్రపోతా ఉంటుంది."

పిస్తా రంగు షట్టర్ల వంటగది. బాగా చేశాడు, చేసినవాడెవడో. నేనూ ఇద్దరు పనివాళ్ళూ విప్పుతుంటే ఆమె ఒక్కో పెట్టెనూ తడిగుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. పైన టార్పాలిన్ కప్పమని రెండుసార్లు చెప్పింది. అయినా సుత్తి చప్పుడుకి పక్కింటావిడ ప్రహరీ మీదుగా తల పెట్టి ఏం జరుగుతోందని అడిగింది.

"మోడలు మారుస్తా ఉండామక్కా" అని వసుంధర నా వైపు చూసింది.

"ఇప్పుడంతా గ్లాసు ఫినిషింగే గదక్కా" అన్నాను నేను. ఆ అబద్ధం నా నోట అంత సులువుగా ఎలా వచ్చిందో తెలియదు. పక్కింటావిడ నమ్మలేదని ముగ్గురికీ తెలుసు. వసుంధర వంగి, తుడిచిన పెట్టెనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

మూడో సొరుగు దగ్గర నాకు చిక్కొచ్చింది. అన్నిటికంటే వెడల్పుది, గంటెలూ చెంచాలూ పెట్టుకునేది. ఎంత లాగినా రాలేదు. "అట్టా కాదన్నా" అని వసుంధర వచ్చి, ఎడమచేత్తో సొరుగును కొంచెం పైకెత్తి, మోకాలితో కింద చిన్నగా ఒక పోటు పొడిచి లాగింది. వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

"మా చిన్నోడు ఎక్కి కూర్చొని ఛానల్ వంచేసినాడు. మేస్త్రీని పిలవాల, పిలవాల అనుకుంటానే ఉన్నా" అంది. అలవాటుగా నవ్వబోయి ఆపుకుంది.

బండి ఎక్కించాక దగ్గరికొచ్చింది. "ఏ ఊరికి పోతుందో నాకు చెప్పబాకన్నా. తెలిస్తే ఆ దారిన పోయినప్పుడల్లా మనసు లాగుతుంది."

ఇద్దరికిద్దరూ చెప్పొద్దన్నవాళ్ళే. ఇంత తేలికైన బేరం నా సర్వీసులో ఇంకోటి లేదని లోపల సంతోషపడ్డాను కూడా.

మనుబోలు పని నేను మనసు పెట్టి చేశాను. రీఫిట్‌లో అసలు పనంతా కోతలోనే ఉంటుంది. అల్లూరులో తిన్నగా ఒకే గోడకున్న వరసను ఇక్కడ మూల తిప్పాలి. మిగిలిపోయిన సందులకు ఫిల్లర్ అని సన్నటి చెక్కబద్దలు వేసి మూసేశాను. ఉప్పుగాలికి ఎర్రబారిన హింజ్‌లు తీసేసి స్టీలువి పెట్టాను. హ్యాండిళ్ళు మార్చాను, చూడగానే ఎవరూ పోల్చుకోకూడదని. కడప బండను పారేయకుండా అక్కడికక్కడే మిషన్‌తో పాలిష్ పట్టించాను. గోడలకు మీగడ రంగు టైల్స్. అన్నిటికంటే తక్కువ ఖర్చులో ఎక్కువ మార్పు తెచ్చింది గాజు పెంకులు. పైకప్పులో అక్కడక్కడా మట్టి పెంకు తీసి గాజు పెంకు వేస్తే చాలు, పగలు లైటుతో పనిలేదు. పక్కింటి గోడ కిటికీనైతే మూసింది గానీ ఆకాశాన్ని మూయలేదు కదా.

మూడో సొరుగు ఒక్కటే మిగిలింది. ఆ పొడవు ఛానల్ నెల్లూరులో దొరకలేదు. వంపు కొంత సాపు చేశాను, ఎండాకాలం కూడా కాబట్టి గట్టిగా లాగితే వస్తోంది. తర్వాత మారుస్తానని చెప్పాను. రాజేశ్వరి దాన్ని పట్టించుకునే స్థితిలో లేదు. ఆమె గుమ్మానికున్న కర్టెన్ పీకి, చించి మసిగుడ్డలు చేసుకుంటోంది.

వానలు పడ్డాక మళ్ళీ ఫోన్. సొరుగు ఉబ్బి బిగుసుకుపోయింది, సింకు కింద నీళ్ళు కూడా కారుతున్నాయి. సాయంత్రానికి వెళ్ళాను. ముందు సింకు చూద్దామని కార్కస్ లోపలికి తల దూర్చి వెల్లకిలా పడుకున్నాను. నా తలా భుజాలూ లోపల, కాళ్ళు బయట.

అప్పుడు వీధి గుమ్మం దగ్గర ఎవరో పిలిచారు. "రాజేశ్వరక్కా, కాస్త తోడు ఉంటే పెడతావా? పాలు కాచినాను, చూస్తే పెరుగు చుక్క లేదు. దీపాలు పెట్టేస్తే మళ్ళీ అడగకూడదు."

"లోపలికి రామ్మా, ఏం పరాయిదానివి" అని రాజేశ్వరి కేకేసింది. నాతో గొంతు తగ్గించి, "కొత్తగా వచ్చినారన్నా, చివరింట్లో బాడుగకి. ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజరు" అంది. ఏళ్ళ తరబడి ఆ గుమ్మం దగ్గర కాపలా కాసిన మనిషి, ఇప్పుడు తోడుకి వచ్చినామెను వంటింట్లోకే పిలుస్తోంది. ఆ గొంతులో ఆనందం దాగడంలేదు.

గిన్నె పట్టుకుని వచ్చినామె గుమ్మంలో ఆగిపోయింది. నాకు కనబడేది పాదాలే. ఆ పాదాలు లోపలికి రావడంలేదు, వెనక్కి పోవడంలేదు.

"రా, వసుంధరా" అంది రాజేశ్వరి.

నా చేతిలో పానా అలాగే ఉండిపోయింది. తామెవరో ఎవరికీ తెలియని ఊరు కావాలని వాళ్ళు వెతుక్కుని ఉంటారు. ఆ వంటగదిని ఎవరూ పోల్చుకోని ఊరికే చేర్చానని నేనూ అనుకున్నాను. ఇద్దరికీ దొరికింది ఒక్కటే.

"బాగుందక్కా" అన్న మాట వినబడింది. అది అల్లూరులో నేను విన్న గొంతే. "వెలుతురు బాగా పడతా ఉంది."

"అంతా కొత్తగా చేయించినాము. ఈ మేస్త్రీని నెల్లూరు నుంచి పిలిపించి, దగ్గరుండి రంగు నేనే ఏరుకున్నా" అంది రాజేశ్వరి. నేను తల ఇంకాస్త లోపలికి లాక్కున్నాను. పైపు నుంచి నీళ్ళు చెవిలో పడుతున్నా కదల్లేదు. అప్పుడే బయటికి వచ్చి ఏదో ఒకటి మాట్లాడి ఉంటే ఆ మాట అక్కడితో ఆగిపోయేది. నాకు ధైర్యం చాలలేదు. ముప్ఫై ఏళ్ళు పని చేసిన మనిషిని, సింకు కింద దొంగలా పడుకున్నాను.

రాజేశ్వరి పెరుగు గిన్నె దించి, చెంచా కోసం మూడో సొరుగు లాగింది. రాలేదు. రెండుసార్లు గుంజింది. "ఇది ఒక్కటే సతాయిస్తా ఉంది. అందుకే ఈయన్ని పిలిచినా. ఉండు, గంటె వేరేది తెస్తా."

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. మోకాలు చెక్కకు తగిలిన చిన్న చప్పుడు. ఆ వెంటనే సొరుగు బయటికి జారిన చప్పుడు.

 నాలుగు పాదాలు ఉన్నచోటనే ఉన్నాయి. పొయ్యి మీద పాలు కాగుతున్న చప్పుడు కూడా నాకు వినబడింది.

మొదట మాట్లాడింది వసుంధరే. "కొత్త సొరుగులు అట్టనే ఉంటాయక్కా. కొంచెం ఎత్తి లాగాల" అంది. ఎంత మామూలుగా అనాలని ప్రయత్నించిందో ఆ గొంతులో తెలిసిపోయింది.

"అవునా" అంది రాజేశ్వరి. అంతే. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినబడింది. తోడుకి ఒక చెంచా చాలు. ఆమె ఆగకుండా వేస్తూనే ఉంది. "చాలక్కా, చాలు" అంటోంది వసుంధర.

వసుంధర వెళ్ళిపోయాక కూడా నేను లేవలేదు. రాజేశ్వరే అంది, "ఇంక బయటికి రాన్నా."

వచ్చి కూర్చున్నాను. ఆమె గుమ్మంలో కూలబడి ఉంది.

"ఆయమ్మదే గదా?"

"నువ్వు చెప్పొద్దన్నావు కదమ్మా."

"ఇప్పుడు కూడా చెప్పబాక" అంది. కాసేపటికి, "ఆయమ్మ వంటిల్లు ఆయమ్మకే చూపించి, రంగు నేనే ఏరుకున్నానని చెప్పినా. వినింది. విని, బాగుందక్కా అనింది. నా మొహం యాడ పెట్టుకోవాలన్నా?" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఏదో ఒకటి అనాలని, "తీసెయ్యమంటావా మరి? చెడిపోయిన ఇంటి సామాను అన్నావు గదా అప్పుడు" అన్నాను.

తలెత్తి నన్ను చూసిన ఆ చూపు నేను మర్చిపోలేను. "ఆ మనిషిని చూసినాక ఆ మాట ఎట్టా వస్తుందన్నా నీకు?" అంది. ఆ మాట మొదట అన్నది తనే. సిగ్గుతో సంచిలో సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను.

"సొరుగు జోలికి పోబాక" అంది. "బాగుచేస్తే, నాకు తెలిసిపోయిందని ఆయమ్మకి తెలుస్తుంది. అట్టనే ఉండనీ. నేను గట్టిగా లాక్కుంటాలే."

సరేనని బయటపడ్డాను. సందు మలుపులో, మూసిన కొట్టు చూరు కింద, పెరుగు గిన్నె మీద కొంగు కప్పుకుని వసుంధర నిలబడి ఉంది. నా బండి పక్కనే. చినుకులు పడుతున్నాయి.

"బాగా అమర్చినావన్నా" అంది. నిష్ఠూరం లేదు, నిజంగానే అంది. "మా ఇంట్లో కంటే ఇక్కడే వెలుగ్గా ఉంది." "ఆయక్కకి తెలిసిందా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను. గ్లాసు ఫినిషింగు మాట వచ్చినంత సులువుగానే ఇదీ వచ్చింది.

ఆమె నమ్మిందో లేదో. "సొరుగు బాగుచేసెయ్యన్నా" అంది. "నా చెయ్యి నా మాట వినడంలేదు. ముందే పోతా ఉంది. ఇయ్యాల మేమిద్దరమే. రేపు సంఘం మీటింగులో పదిమంది ముందర పోయిందనుకో, ఆయక్క కొత్తదని చెప్పుకున్న మాట పోతుంది. నేను అల్లూరులో ఏందో అదీ బయటపడుతుంది. దేవుడా అని ఎవురికీ తెలీని ఊరికొస్తే..." మాట పూర్తిచేయలేదు.

ఒకామె బాగు చెయ్యొద్దంది, ఒకామె చెయ్యమంది. ఇద్దరూ అడిగింది ఒకటే, ఎదుటిమనిషి తలవంచుకునే పరిస్థితి రానివ్వొద్దని. నెల్లూరు దాకా బండి మీద వానలో తడుస్తూ అదే ఆలోచించాను. చెక్కను కొలిచి కోయడం తప్ప ఇంకేమీ తెలియనివాణ్ణి ఇలాంటిచోట ఎందుకు పెడతారనిపించింది. ఇద్దరి రహస్యమూ నా దగ్గర క్షేమంగా ఉందని మురిసిపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

చివరికి వసుంధర మాటే విన్నాను. ఆ పొడవు ఛానల్ కోసం హార్డ్‌వేర్ షాపుల వాళ్ళ ప్రాణం తీసి, చెన్నై నుంచి తెప్పించాను. తలుపు తీసి నా చేతిలో ఛానల్ చూడగానే రాజేశ్వరి మొహం మాడ్చుకుంది.

"వద్దన్నా గదన్నా."

"ఒకరు చెయ్యమన్నారమ్మా" అన్నాను.

ఎవరని అడగలేదు. వాకిట్లోకి వెళ్ళి చివరింటి వైపు కాసేపు చూసి వచ్చింది. "పదిమందిలో బయటపడుతుందనా?" అంది. నేను తలూపాను. పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది. కొత్త ఛానల్ వేశాక సొరుగు ఒక్క వేలితో లాగితే వచ్చేస్తోంది. ఆమె రెండు మూడుసార్లు తెరిచి మూసి, బాగుందని చెప్పలేదు.

ఇప్పటికీ నేను రీఫిట్ పనులు చేస్తాను. ఎవరైనా అడిగితే రీఫిట్ అనే చెప్తాను, పెద్దింటివాళ్ళు పిలిస్తే పిలుస్తారు, లేకపోతే లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఆ పనితో నేర్చుకున్నాను. వంటగది విప్పేముందు ఆ ఇంటామెను కాసేపు అందులో పని చేసుకోమంటాను, నేను పక్కన నిలబడి చూస్తాను. ఏ తలుపును భుజంతో నెడుతుంది, దేన్ని ఎత్తి లాగుతుంది, అన్నీ చూసి, ఇంకో ఇంటికి చేర్చేలోపు ఆ వంకరలన్నీ సరిచేసి పంపిస్తాను. చెక్కనైతే ఎంత దూరమైనా మోసుకుపోవచ్చు. చేతి అలవాటు చెక్కతోపాటు పోదు, మనిషి దగ్గరే ఉండిపోతుంది.

పోయిన ఏడాది అటు పనిమీద వెళ్ళి రాజేశ్వరి ఇంట్లో టీ తాగాను. సంఘం మీటింగులు ఇప్పుడు ఎక్కువగా వాళ్ళింట్లోనే జరుగుతున్నాయట. టీ పెట్టేటప్పుడు వసుంధరే వచ్చి సాయం చేస్తుందట.

"సొరుగు బాగా వస్తోందా?" అని అడిగాను.

"దానికేం, వస్తా ఉంది" అంది రాజేశ్వరి. గ్లాసులు కడుగుతూ, నా వైపు తిరగకుండానే చెప్పింది. "ఆయమ్మ చెయ్యి ఇంకా ఎత్తబోతుందన్నా. మోకాలు కూడా లేస్తుంది. మళ్ళీ ఆపుకుంటుంది. ఆయమ్మ సొరుగు దగ్గరికి పోయినప్పుడల్లా నేను పాల వైపు చూస్తా నిలబడతా."